సర్పంచి పదవికి వేలం పాట పెట్టి ఏకగ్రీవం అంటాండారు, ఇది చెల్లుతుందా?

శనక్కాయ_చేను (అనంతపురం):

అన్నలకీ అక్కలకీ నమస్తే. మాది అనంతపురం జిల్లా, శింగనమల పక్క ఒక పంచాయతీ. ఊరి పేరు రాయను, మావాళ్ళు కూడా ఇవి చదువుతా ఉంటారు. నేను బెంగళూరులో పని చేస్తాండా, పండగలకీ పబ్బాలకీ ఊరికి వచ్చిపోతా ఉంటా.

విషయం ఏమంటే 2021 ఫిబ్రవరిలో గెలిచిన సర్పంచులకి అయిదేండ్లు అయిపోవస్తాంది కదా, ఎలక్షన్లు ఎప్పుడు పెడతారనేది పక్కన పెడితే మా ఊర్లో మాత్రం అప్పుడే పని మొదలుపెట్టేసినారు. మొన్న ఆదివారం చావిడి కాడ పెద్దమనుషులు కూర్చోని, ఈసారి సర్పంచిని ఏకగ్రీవం చేసుకుందాం, కొట్లాటలొద్దు, ఖర్చులొద్దు, ఆశ ఉండేవాళ్ళు పాట పాడండి, ఎవరు ఎక్కువ పాడితే పదవి వాళ్ళకి, ఆ దుడ్లు సుంకులమ్మ గుడికి, మిగిలితే వాటర్ ప్లాంటుకి అని ఖాయం చేసినారు. ముగ్గురు పాడినారు, 18 లక్షల కాడ ఆగింది. పాడినాయన కాంట్రాక్టు పనులు చేసే మనిషి. ఈసారి మా పంచాయతీ ఆడోళ్ళకి రిజర్వ్ అవుతాదని అందరూ అనుకుంటాండారు, అట్లయితే ఆయన భార్య పేరు మీద వేస్తాడంట. ఆయమ్మ చావిడి కాడికి రానేలేదు, ఆమెను అడిగినోళ్ళు కూడా లేరు.

మా చిన్నమ్మ ఉపాధి పనిలో మేటు (కూలోళ్ళ పని చూసుకునే మనిషి), డ్వాక్రా సంఘానికి లీడరు కూడా. సర్పంచికి నిలబడాలని ఆమెకి ఎప్పటినుంచో ఉంది, ఎస్సీ కాలనీలో వాళ్ళు కూడా నిలబడక్కా మేముంటాం అన్నారు. ఇప్పుడు ఇంటికి మనుషులొచ్చి, నామినేషన్ వేస్తే ఊరి మాట కాదన్నట్టు అయితాది, రేపు గుడి కాడ, నీళ్ళ కాడ మాటలు పడాల్సి వస్తాదని మెత్తగా చెప్పిపోయినారు. మా చిన్నాయన భయపడి మనకెందుకులే అంటాండాడు.

నా స్నేహితుల్లో సగం మంది ఇది మంచిదే కదా అంటారు. ఓటుకింత అని పంచి, మందు పోసి తగలేసే దుడ్డు గుడికి పోతే తప్పేముంది అంటారు. నాకు ఇది తప్పని గట్టిగా అనిపిస్తాంది కానీ వాళ్ళకి ఎట్ల చెప్పాలో తెలీట్లేదు. చట్టప్రకారం ఇది చెల్లుతుందా? చిన్నమ్మ నామినేషన్ వేస్తే ఏమైతాది? తెలిసినోళ్ళు చెప్పండి.


టవర్‌క్లాక్_మాస్టారు (అనంతపురం):

తమ్ముడూ, నీ స్నేహితులు లెక్క మాట్లాడుతున్నారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడదాం. సర్పంచికి గౌరవ వేతనం నెలకి 3,000. అయిదేండ్లకి కలిపితే 1,80,000. పాడినాయన పెట్టింది దానికి పదింతలు. మిగతా 16 లక్షల 20 వేలు ఆయన ఎక్కడినుంచి రాబట్టుకుంటాడో నీ స్నేహితుల్ని ఒక్కసారి ఆలోచించమను. పంచాయతీకి వచ్చేదేంది? ఇంటి పన్ను, కుళాయి పన్ను, ఆర్థిక సంఘం నిధులు, ఇంకేవో చిన్నా చితకా. 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకి ఇచ్చే గ్రాంటులో 60 శాతం తాగునీళ్ళకీ పారిశుద్ధ్యానికీ మాత్రమే ఖర్చు పెట్టాలని కట్టుబాటు పెట్టింది. అంటే ఆ దుడ్డు వెనక్కి రావాలంటే పైపుల్లోంచీ మోటార్ల రిపేర్లలోంచీ బ్లీచింగ్ పౌడర్ బిల్లుల్లోంచీ రావాల్సిందే. గుడికి ఇచ్చినట్టు కనపడతాది గానీ ఇచ్చేది మళ్ళీ మీ ఊరి కుళాయే.

ఇంక ఓటుకి దుడ్డు పంచే దానికన్నా ఇది నయం అనే మాట. రెండూ తప్పే, నేను దేన్నీ వెనకేసుకుని రావట్లేదు. కానీ ఒక తేడా ఉంది, అది చిన్నది కాదు. దుడ్డు తీసుకున్నోడు కూడా పోలింగ్ రోజు అట్ట చాటుకి పొయ్యి బ్యాలెట్ మీద ముద్ర ఎవరికేసినాడో రెడ్డికి తెలీదు, నాయుడికి తెలీదు, కట్టుకున్న పెండ్లానికి కూడా తెలీదు. ఇద్దరి దగ్గరా తీసుకుని మూడోవాడికి వేసినోళ్ళని నేను ఎలక్షన్ డ్యూటీల్లో చూసినా. పాట పెట్టినాక ఆ అట్ట చాటు కూడా ఉండదు. కూలికి పొయ్యే మనిషి, ముసలామె, పద్దెనిమిదేండ్లు నిండిన పిల్లోడు, వీళ్ళందరూ ఊరి ఆసామితో సమానమయ్యేది అయిదేండ్లకి ఆ ఒక్క పూట, పోయినసారి పొద్దున ఆరున్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా. దాన్ని కూడా 18 లక్షలకి అమ్మేస్తే ఇంక వాళ్ళకి మిగిలేదేముంది.

చావిడి కాడ ఎవరెవరు కూర్చున్నారో ఒక్కసారి గుర్తు చేసుకో తమ్ముడూ. ఆడోళ్ళు ఎంతమంది? కాలనీ నుంచి ఎంతమంది? వాళ్ళు కట్ట మీద కూర్చున్నారా, కింద నిలబడినారా? పదిహేను మంది మగోళ్ళు తేల్చిన దాన్ని ఊరంతా ఒప్పుకుందని రాసుకోవడం ఏకగ్రీవం ఎట్లయితాది.

ఇది మన ఒక్క ఊరి జబ్బు కాదు. మహారాష్ట్రలో నాసిక్ జిల్లా ఉమ్రానే అనే ఊర్లో సర్పంచి పదవి పాట రెండు కోట్లు దాటింది, అదీ గుడి పేరు మీదనే. వీడియో బయటికొచ్చినాక 2021 జనవరిలో అక్కడి రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ ఊరి ఎన్నికనే రద్దు చేసింది. మన దగ్గర అదే ఏడాది ప్రభుత్వమే ఏకగ్రీవాలకి నజరానా ప్రకటించింది, రెండు వేల లోపు జనాభా ఉండే ఊరికి 5 లక్షలు, పది వేలు దాటితే 20 లక్షలు. ఈ పద్ధతి అంతకుముందు ప్రభుత్వాల్లోనూ ఉండేదే, ఏ ఒక్క పార్టీనో అనట్లేదు. చిత్తూరు, గుంటూరు జిల్లాల్లో ఏకగ్రీవాలు మరీ ఎక్కువొచ్చినాయని ఎన్నికల కమిషన్ కలెక్టర్లకి చెప్పి ఆ ఫలితాల ప్రకటన కొన్నాళ్ళు ఆపించింది కూడా. పోటీ లేకపోతే ఊరికి దుడ్డిస్తాం అని సర్కారే అన్నప్పుడు పెద్దమనుషులు పాట పెట్టక ఏం చేస్తారు, దారి చూపించింది పైనోళ్ళే కదా.


పెన్నా_ఒడ్డు (కడప):

మాస్టారూ మీ మాట కాదనను గానీ మీరు టౌన్లో ఉండి మాట్లాడతాండారు. మాది జమ్మలమడుగు సైడు. మా నాయన కాలంలో పంచాయతీ ఎలక్షన్ వచ్చిందంటే ఇంట్లో మగోళ్ళు రాత్రిళ్ళు పండుకునేవాళ్ళు కాదు. మిద్దెల మీద రాళ్ళు పోగేసి పెట్టుకునేది, పిల్లోళ్ళని అమ్మమ్మోళ్ళ ఊరికి తోలేసేది. ఎలక్షన్ అయిపోయినాక కూడా అయిపోయినట్టు కాదు, ఓడిపోయినోడి చీనీ (బత్తాయి) చెట్లు నరికేది, గడ్డివామికి నిప్పు పెట్టేది. ఎనిమిదేండ్లు సాకిన చీనీ తోట ఒక్క రాత్రికి మొదళ్ళకంటా నరికేసి ఉంటే పొద్దున్నే ఆ చేను గలాయన గెనం మీద కూర్చోని ఏడ్చేది నేను చిన్నప్పుడు చూసినా, ఇప్పటికీ మర్చిపోలేదు. అట్లాంటి ఊర్లో ఇద్దరు పెద్దోళ్ళు కూర్చోని ఈసారి నువ్వు వచ్చేసారి నేను అనుకుంటే మా అమ్మ దేవుడికి మొక్కుకుంది. కాబట్టి ఏకగ్రీవం అంటేనే తప్పు అంటే నేను ఒప్పుకోను.

పాట మాత్రం తప్పే. దాంట్లో రాజీ లేదు, కొనుక్కోవడమే ఉంది.

ఇంకోటి, పంచాయతీకి పార్టీ గుర్తులే ఉండవు కదా, చట్టమే పార్టీలు లేకుండా జరగాలంటాది. కానీ ఫలితాలొచ్చిన సాయంత్రమే టీవీల్లో మా పార్టీకి ఇన్ని, మీకిన్ని అని లెక్కలు. నామినేషన్ల రోజు మండలం ఆఫీసు కాడ చూస్తే కార్లన్నీ పార్టీలవే. మొన్న 2025 ఆగస్టులో పులివెందుల, ఒంటిమిట్ట జెడ్పీటీసీ ఉప ఎన్నికలప్పుడు రాష్ట్రమంతా మా జిల్లా మీదనే పడింది, ఎవరు గెలిచినా ఎవరు ఓడినా నాకు బాధయింది ఏమంటే ఆ పది రోజులు మా నీళ్ళ గురించి గానీ పిల్లోళ్ళ ఉద్యోగాల గురించి గానీ ఒక్కరు మాట్లాడింటే ఒట్టు. మాకాడ ఉక్కు ఫ్యాక్టరీకి 2007లో బ్రహ్మణి అనే కంపెనీకి శంకుస్థాపన, 2018లో కంబాలదిన్నె కాడ, 2019లో సున్నపురాళ్ళపల్లె కాడ, మళ్ళీ 2023లో అదే ఊర్లో ఇంకోసారి. ముఖ్యమంత్రులు మారినారు, పార్టీలు మారినాయి, రాళ్ళు మాత్రం పడతానే ఉన్నాయి. విభజన చట్టంలో కూడా కడప ఉక్కు సంగతి రాసినారు, అది 2014. మా పిల్లోళ్ళు హైదరాబాదులో బెంగళూరులో సెక్యూరిటీ గార్డులు. పైన వాళ్ళని మనం ఏం చేయలేకపోతిమి, ఊర్లో అయినా కొట్టుకోకుండా బతుకుదాం అనేది నా బాధ.


టవర్‌క్లాక్_మాస్టారు (అనంతపురం):

మీ బాధ నాకు అర్థమయితాది, చీనీ చెట్ల సంగతి మా తాడిపత్రి పక్కా ఉండేదే. కానీ ఒక్క మాట. ఇద్దరు పెద్దోళ్ళు రాజీ పడినారు, మంచిదే. ఆ రాజీలో రాళ్ళు మోసినోళ్ళకి, కేసుల్లో ఇరుక్కున్నోళ్ళకి, చేలు పోగొట్టుకున్నోళ్ళకి ఏమొచ్చింది? పదవి ఈసారి నీకు వచ్చేసారి నాకు అని రెండిండ్ల మధ్యనే తిరిగింది. కొట్లాట ఆగాల్సింది పోలీసు సరిగ్గా పని చేసి, కేసులు తేలి. జనాన్ని ఓటుకి దూరం పెట్టి కాదు.

పైన వాళ్ళని ఏం చేయలేకపోయినాం అన్నారు కదా, నేను దాన్ని తిప్పి చూస్తా. ఎంపీ మనకి చేతికందడు, ఎమ్మెల్యే కారు అద్దం దించితే అదృష్టం. సర్పంచి మాత్రం పొద్దున లేస్తే మన వీధిలోనే ఉంటాడు, నీళ్ళు రాకపోతే ఇంటి ముందు బిందె పెట్టి అడగొచ్చు. 73వ రాజ్యాంగ సవరణ తెచ్చింది అందుకే, 29 అంశాలు పంచాయతీకి ఇవ్వొచ్చని పదకొండో షెడ్యూల్లో రాసింది అందుకే. పాడుకున్న సర్పంచిని అట్ల అడగలేం. నేను మీ ఓట్లతో గెలవలేదు, దుడ్డు పెట్టి కొనుక్కున్నా అంటాడు, ఆ మాట నోటితో అనకపోయినా నడకలో కనపడతాది. పై ఎన్నికల్లో మనం ఎంత ఓడిపోతాంటే కింద ఎన్నిక అంత గట్టిగా పట్టుకోవాలని నేనంటా.


ఆదోని_అక్క (కర్నూలు):

నేను రాయాలనుకోలేదు గానీ ఆ పిల్లోడి చిన్నమ్మ గురించి చదివినాక ఉండలేకపోయినా. నేను 2021లో వార్డు మెంబరుగా గెలిచినా, మా వార్డులో పోటీ జరిగింది, తక్కువ ఓట్లతోనే గెలిచినా. మా సర్పంచి కూడా ఆడమనిషే, ఆమె ఏకగ్రీవం. మా ఇద్దరికీ తేడా ఏందో చెప్తా విను తమ్ముడూ.

మొదట్లో తీర్మానం పుస్తకం ఇంటికే వచ్చేది. నేను పొయ్యి కాడ రొట్టెలు కొడతా ఉంటే మా ఆయన పుస్తకం పట్టుకొచ్చి ఈడ సంతకం పెట్టు అనేవాడు, పిండి చెయ్యి కొంగుకి తుడుచుకుని పెట్టేదాన్ని. పైన ఏం రాసినారో పేజీ సగం ఖాళీగానే ఉండేది, సంతకాలు ముందు, రాత తర్వాత. ఒకరోజు మా వార్డు ఆడోళ్ళు నలుగురు వచ్చి, మా సందులో వీధి లైటు వేసినట్టు ఆఫీసులో రాసినారంట, లైటు యాడుంది, నీకే కదా ఓటేసినాం అని నిలేసినారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పొద్దు నుంచి పుస్తకం చదవకుండా సంతకం పెట్టలేదు. ఆఫీసుకే పోతా, అందరి ముందే చదివించుకుంటా. లైటు వచ్చింది, తర్వాత కాలువ కూడా వచ్చింది.

మా సర్పంచమ్మ మంచి మనిషి, చదువుకున్నది కూడా. కానీ ఆమెను అట్ల నిలేసే ధైర్యం ఎవురికీ లేదు, ఎందుకంటే ఆమె ఎవురి ఓటూ అడగలేదు, ఏ గుమ్మమూ ఎక్కలేదు. మీటింగుల్లో ఆమె కుర్చీలో ఆమె మొగుడు కూర్చుంటాడు. స్థానిక సంస్థల్లో మన రాష్ట్రంలో సగం సీట్లు ఆడోళ్ళకే, రాజ్యాంగంలో మూడో వంతు అని ఉంటే మనం సగం చేసుకున్నాం, గొప్పే. కానీ పాట పాడేది మొగుడు, పేరు పెట్టేది భార్యది అయితే ఆ సగం సీట్లు మళ్ళీ మగోళ్ళకే పోయినట్టు. ఇది నాకు మనసులో చాలా మంట.

ఇంకోటి ఎవురూ చెప్పరు. మా కోసిగి, మంత్రాలయం, ఆదోని పక్క ఊర్లలో పంట లేకపోతే సుగ్గికి పోతారు, గుంటూరు వైపు మిరప కోతలకి. పిల్లోళ్ళని బడి మాన్పించి ఇంటికి తాళం వేసి సంసారం సంసారమే లారీ ఎక్కుతాది. పోయినసారి ఎలక్షన్ పెట్టింది ఫిబ్రవరిలో, సరిగ్గా కోతల టైం. వాళ్ళ ఓటు పోలింగ్ అయినా అంతంత మాత్రమే, ఏకగ్రీవం అయితే వాళ్ళకి ఊర్లో ఏం జరిగిందో కూడా తిరిగొచ్చినాకనే తెలిసేది. ఎలక్షన్ తేదీ పెట్టేవాళ్ళు మా సుగ్గి క్యాలెండర్ కూడా ఒకసారి చూడాల.

ఉపాధి పని గురించి కూడా చెప్తా, చిన్నమ్మ మేటు అన్నావు కాబట్టి. ఆ పథకం మొదలయ్యింది మీ పక్క మండలంలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న, మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి మొదలుపెట్టినారు. దేశం మొత్తానికి అనంతపురం కరువు ఊరి నుంచి పోయిన పథకం. ఇప్పుడు 2025 డిసెంబరులో పార్లమెంటులో దాని బదులు కొత్త చట్టం పాస్ చేసినారు. పని దినాలు 100 నుంచి 125 అన్నారు, వినడానికి బాగుంది. కానీ ఇంతకుముందు కూలి దుడ్డు మొత్తం కేంద్రమే ఇచ్చేది, ఇప్పుడు మన రాష్ట్రం 40 శాతం పెట్టుకోవాల, అప్పుల్లో ఉండే రాష్ట్రం యాడ నుంచి తెస్తాది? సేద్యం సీజన్లో 60 రోజులు పనులు ఆపొచ్చు అని కూడా పెట్టినారు. వానే పడకపోతే మా పక్క సేద్యం సీజన్ అంటే ఏముంటాది, ఆ రెండు నెలలు ఏం తినాల? దీని మీద ఢిల్లీలో పోట్లాడేవాళ్ళు పోట్లాడతాండారు. ఊర్లో మాత్రం ఏ పని పెట్టాలి, నీటి కుంట ఎవరి చేన్లో తవ్వాలి, మస్టర్లో, అంటే కూలోళ్ళ హాజరు పట్టీలో, ఎవరి పేరు ఉంది ఎవరిది దొంగ పేరు, ఇదంతా అడగాల్సింది గ్రామసభలో, సర్పంచిని. 2024 ఆగస్టు 23న రాష్ట్రమంతా ఒకే రోజు 13,326 పంచాయతీల్లో ఉపాధి పనుల మీద గ్రామసభలు పెట్టినారు కదా, మా ఊర్లో ఆ పొద్దు నేను లేచి మాట్లాడినా. మాట్లాడే మనిషి లేకపోతే సభ పెట్టినా ఫోటోలు తీసుకుని పోతారు.

కాంట్రాక్టరు దుడ్డు పెట్టి సర్పంచి అయితే ఆ కుంట జేసీబీతో తవ్వుతాడు, కూలోళ్ళ పేర్లు మస్టర్లో ఉంటాయి. చిన్నమ్మకి ఇది నాకన్నా బాగా తెలుసు, ఎండలో నిలబడి ఫోన్లో కూలోళ్ళ ఫోటో రెండు పూటలా ఎక్కించేది ఆమె కదా. అట్లాంటి మనిషే నిలబడాల. నా మాటగా ఆమెకి చెప్పు, ఓడిపోయినా పరవాలేదు, పోటీ జరిగితేనే గెలిచినోళ్ళకి భయం ఉంటాది.


కోర్టురోడ్డు_జూనియర్ (అనంతపురం):

చట్టం సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా, నేను లాయర్ దగ్గర జూనియర్‌ని.

ముందు సూటిగా, పాటకి చట్టంలో ఏ విలువా లేదు. అది ఒప్పందం కాదు, దాన్ని చూపించి ఎవర్నీ నామినేషన్ వేయొద్దని ఆపలేరు. పైగా అది నేరం. భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 169వ సెక్షన్ ఎన్నికల హక్కు అంటే ఓటు హక్కు ఒక్కటే కాదు, పోటీ చేసే హక్కు, పోటీ చేయకుండా ఉండే హక్కు, విత్‌డ్రా చేసుకునే హక్కు కూడా అని చెప్తుంది. 170వ సెక్షన్ ఆ హక్కు ఇట్ల వాడుకో, అట్ల వాడుకో అని ఎవరికైనా ప్రతిఫలం ఇస్తే లంచం అంటుంది. గుడికి ఇచ్చినా, ఊరికి ఇచ్చినా, మిగతావాళ్ళు పోటీ చేయకుండా ఉండడానికే ఇస్తే లంచం కాదని వాదించడం కష్టం. నామినేషన్ వేస్తే నీళ్ళ కాడ మాటలు పడాల్సి వస్తుందని ఇంటికొచ్చి చెప్పడం 171 కిందికి వస్తుంది, అనుచిత ప్రభావం అంటారు. శిక్షలు 173, 174లో ఉన్నాయి.

రెండోది మీ కాలనీ వాళ్ళకి చాలా ముఖ్యం. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 2015 సవరణలో, ఆ కులాల వాళ్ళని ఓటు వేయకుండా గానీ, నామినేషన్ వేయకుండా గానీ, వేసింది వెనక్కి తీసుకోమని గానీ బెదిరిస్తే నేరం అని స్పష్టంగా పెట్టినారు. ఎస్సీ ఎస్టీ అభ్యర్థి నామినేషన్‌ని ప్రతిపాదించకుండా వాళ్ళని అడ్డుకున్నా నేరమే. సామాజిక బహిష్కరణ కూడా అందులోనే ఉంది. కాబట్టి మీ చిన్నమ్మకి ప్రపోజర్‌గా కాలనీ నుంచి ఎవరైనా సంతకం పెడితే, వాళ్ళని బెదిరించేవాళ్ళు ఏం తలకెత్తుకుంటున్నారో ముందే తెలిసేటట్టు చేయండి. గొడవకి పోమని చెప్పట్లేదు, తెలిస్తే సగం బెదిరింపులు అక్కడే ఆగిపోతాయి.

ఇంక చేయాల్సిన పనులు. పాట గురించి వాట్సాప్ మెసేజీలు, ఆడియో, వీడియో ఏముంటే అవి డిలీట్ కాకుండా దాచిపెట్టండి. తేదీ, టైం, ఎవరెవరు ఉన్నారు అనేది ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, రేపు గుర్తుండదు. ఫిర్యాదు రాతపూర్వకంగా కలెక్టరుకీ, రాష్ట్ర ఎన్నికల కమిషన్‌కీ పంపండి, రిజిస్టర్ పోస్టులో, రసీదు పెట్టుకోండి. నోటిఫికేషన్ వచ్చినాక రిటర్నింగ్ ఆఫీసరుకి కూడా ఇవ్వండి. ఊరి పేరు ఇక్కడ రాయలేదు, మంచి పని చేసినావు, ఆ కాగితంలో మాత్రం రాయాలి.

నామినేషన్ విషయానికొస్తే చిన్న చిన్న వాటి మీదనే తిరగ్గొడతారు. ఓటర్ల లిస్టులో పేరు, వయసు, ఇంటి నంబరు సరిగ్గా ఉందా ఇప్పుడే చూసుకోండి. పంచాయతీకి బాకీ లేకుండా ఇంటి పన్ను, కుళాయి పన్ను కట్టి రసీదులు తీసిపెట్టండి. ప్రపోజర్ కూడా ఆ ఊరి ఓటరే అయి ఉండాలి. ఆమె మేటుగా ఉండడం అడ్డమా కాదా అని ఎంపీడీఓ ఆఫీసులో ఇప్పుడే రాతపూర్వకంగా అడిగి జవాబు తీసుకోండి, ఆఖరి రోజు ఎవరో లేపితే అప్పుడు టైం ఉండదు. ఇద్దరు పిల్లల నిబంధన 2024లోనే తీసేసినారు కాబట్టి దాని పేరు చెప్పి ఎవరైనా భయపెడితే పట్టించుకోవద్దు. విత్‌డ్రా కాగితం మీద ఆమె సంతకం లేకుండా ఎవరూ విత్‌డ్రా చేయించలేరు, కాబట్టి ఆ గడువు అయ్యేదాకా ఏ తెల్లకాగితం మీదా సంతకం పెట్టొద్దని చెప్పండి.

పెన్నా ఒడ్డు అన్న చెప్పిన రాజీ సంగతి. ఎవరూ ఎవరికీ దుడ్డివ్వకుండా, బెదిరించకుండా, అందరూ నిజంగా ఒక మనిషినే కోరుకుని ఒక్క నామినేషనే పడితే అది చట్టం ప్రకారం ఏకగ్రీవమే, దాంట్లో తప్పు లేదు. అయితే నా సొంత అభిప్రాయం, అప్పుడు కూడా నోటాతో పోలింగ్ పెట్టాలి. 2021 పంచాయతీ బ్యాలెట్ మీద నోటా ఉండింది, కానీ ఒక్కరే మిగిలితే పోలింగే ఉండదు కాబట్టి ఆ నోటా కూడా పోతుంది. 2024 లోక్‌సభ ఎన్నికల్లో సూరత్‌లో ఇట్లే అయ్యింది, ఒకరి నామినేషన్ తిరస్కరించినారు, మిగిలినోళ్ళు విత్‌డ్రా అయినారు, లక్షల మంది ఓటర్లు బూతుకి పోకుండానే ఎంపీ వచ్చేసినాడు. ఇది మార్చాలని అడగాల్సిన టైం వచ్చింది.


పెన్నా_ఒడ్డు (కడప):

ఆదోని అక్క రాసింది మా ఇంట్లో మా ఆవిడకి చదివి వినిపించినా. ఆ సగం ఖాళీ పేజీ మీద సంతకాలు మా ఊర్లో కూడా అట్లే అని ఆమె అనింది, ఆమె వార్డు మెంబరుగా ఉన్న మా వదినని చూసింది. రాజీ అనే మాట మీద నాది నాదే, ప్రాణాలు పోయిన ఇండ్లు చూసినోణ్ణి. కానీ రాజీలో ఆడోళ్ళు, కాలనీ వాళ్ళు కూర్చోకపోతే అది రెండిండ్ల రాజీ అని మాస్టారు అన్నది నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు. పిల్లోడా, మీ చిన్నమ్మకి ఏమన్నా ఇబ్బంది పెడితే ఇక్కడ రాయి, మా పక్కనుంచి వచ్చే మనుషులు ఉన్నారు, కొట్లాటకి కాదు, నామినేషన్ రోజు తోడుగా నిలబడేదానికి.


శనక్కాయ_చేను (అనంతపురం):

అందరికీ చాలా థాంక్స్. శనివారం ఊరికి పోయి ఇవన్నీ చిన్నమ్మకి చదివినా. ఆదోని అక్క రాసింది రెండుసార్లు చదివించుకుంది. తర్వాత చిన్నాయన లాయరన్న చెప్పిన సెక్షన్లు ఒక కాగితం మీద రాసివ్వమన్నాడు, జేబులో పెట్టుకున్నాడు, ఇంటికి ఎవరన్నా వస్తే చూపిస్తాడంట. కాలనీలో ఇద్దరు ప్రపోజర్‌గా సంతకం పెడతామన్నారు, ఒకాయన అయితే మా వీధిలో నీళ్ళు నాలుగు రోజులకోసారి వస్తాయి, ఇంకా భయపడేదానికి ఏముందన్నాడు.

చిన్నమ్మ ఇంకో పని చేసింది, నేను అనుకోలేదు. సాయంత్రం ఆ కాంట్రాక్టరు భార్య దగ్గరికి ఒక్కతే పోయింది. వదినా నీ పేరు మీద పాట పాడినారంట, నిన్ను అడిగినారా అనింది. ఆమె లేదనింది. అయితే నువ్వూ నిలబడు నేనూ నిలబడతా, ఇద్దరం ఇల్లిల్లూ తిరిగి ఓట్లు అడుక్కుందాం, ఎవరు గెలిచినా సంతకం చదివే పెడదాం అని చెప్పొచ్చింది. ఆమె ఏం మాట్లాడలేదంట కానీ టీ పెట్టిచ్చిందంట. ఆ ఇంట్లో ఏం జరిగిందో తెలీదు, ఆదివారం మాత్రం చావిడి కాడ మళ్ళీ కూర్చుంటారని చెప్పినారు, ఈసారి చిన్నమ్మ సంఘం ఆడోళ్ళని తీసుకుని తనూ పోతానంటాంది.

లాయరన్నా ఒక డౌటు. పన్ను కట్టేదానికి పోతే ఇల్లు చిన్నాయన పేరు మీద ఉంది, రసీదు కూడా ఆయన పేరు మీదనే ఇచ్చినారు. అది సరిపోతాదా?


కోర్టురోడ్డు_జూనియర్ (అనంతపురం):

చిన్నాయన పేరు మీద రసీదు ఇబ్బంది కాదు, చూసేది ఆమె పేరు మీద బాకీ ఉందా లేదా అని. అయినా పంచాయతీ సెక్రటరీ దగ్గర ఆ ఇంటి నంబరుకి గానీ ఆమె పేరుకి గానీ బాకీ ఏమీ లేదని ఒక కాగితం రాయించుకోండి, సంతకం, స్టాంపు, తేదీ ఉండాలి. సోమవారమే పొండి, నోటిఫికేషన్ వచ్చినాక ఆ సీటులో మనిషి దొరకడు. ఆదివారం చావిడి కాడ ఏమైందో రాయి.